రాత్రి కరెంటు ఇప్పుడు ఎవరిది?

తెలుగు పల్లెల్లో ‘రాత్రి కరెంటు’ అనే మాటకు ఒకప్పుడు ఒకటే అర్థం ఉండేది. త్రీఫేజ్ సరఫరా ఏ అర్ధరాత్రికో వస్తుంది. రైతు చేతిలో టార్చి పట్టుకుని బావి దగ్గరికి వెళ్తాడు. చీకట్లో మోటారు వేయబోయి పాముకాటుకు బలైనవారూ, తడిచేతులతో స్టార్టరు ముట్టుకుని షాకుతో పోయినవారూ ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఆ బాధ తప్పించుకోవడానికి మోటార్లకు ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. నగరం పడుకున్నాక మిగిలిన కరెంటు రైతుకు ఇవ్వడమే అప్పటి విద్యుత్ సంస్థల పద్ధతి. రాత్రి కరెంటుకు వేరే అడిగేవాడు లేడు కాబట్టి అది చవక.

ఇరవై ఏళ్లలో ఆ లెక్క తలకిందులైంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట 9 గంటల సరఫరా విధానమైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. ఇతర రాష్ట్రాల్లోనూ సాగు ఫీడర్లను వేరుచేసి, పంపుసెట్లను సౌర విద్యుత్తు దండిగా ఉండే మధ్యాహ్నానికి మళ్లిస్తున్నారు. ఇప్పుడు గ్రిడ్‌కు పగలు భారం కావడం లేదు, రాత్రే భారమవుతోంది. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని రాత్రి కరెంటు ఇప్పుడు ఎక్స్చేంజీలో యూనిట్ 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతోంది. అదే ఎక్స్చేంజీలో ఎండ కాసే వేళ ధర కొన్ని రోజుల్లో దాదాపు సున్నాకు పడిపోతోంది. ఒకే దేశం, ఒకే రోజు, కొన్ని గంటల తేడా.

రాత్రి కరెంటును ఎవరు వాడుకుంటున్నారు? ఈ ప్రశ్నకు జవాబు విద్యుత్ శాఖ నివేదికల్లో కన్నా జనం ఎలా బతుకుతున్నారన్న దానిలోనే ఎక్కువగా దొరుకుతుంది. ఒక్కో ఇంట్లో ఎందరు ఉంటున్నారు, ఎక్కడ పడుకుంటున్నారు, ఇంటిపై కప్పు దేనిది, వయసెంత, ఇంట్లో ఎందరు ఉద్యోగానికి వెళ్తున్నారు అన్నవే దేశ ఇంధన అవసరాన్ని నిర్ణయిస్తున్నాయి.

తలలు కాదు, తలుపులు

జనాభా పెరిగితే కరెంటు ఖర్చు పెరుగుతుందన్నది అందరూ అనుకునే మాట. 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం భారత్ 142 కోట్లు దాటి చైనాను మించినప్పుడు ఇంధన అవసరాల గురించి వచ్చిన వ్యాఖ్యలన్నీ ఈ ధోరణిలోనే సాగాయి. కానీ దేశంలో సంతానోత్పత్తి రేటు అప్పటికే 2.0కు పడిపోయిందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా స్థిరంగా ఉండాలంటే కావాల్సిన 2.1 కన్నా అది తక్కువ. అంటే తలల సంఖ్య పెరిగే వేగం తగ్గిపోతోంది. విద్యుత్ డిమాండు మాత్రం తగ్గలేదు. 2024 మే 30న దేశం ఒకేసారి 250 గిగావాట్లు లాగి రికార్డు సృష్టించింది.

ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే తలల బదులు తలుపులు లెక్కించాలి. 2001లో సగటు కుటుంబంలో 5.3 మంది, 2011 జనగణనలో 4.9 మంది ఉన్నారు. 2019-21 సర్వే నాటికి అది 4.4కు తగ్గింది. రెండు లెక్కల పద్ధతులు వేరైనా దిశ మాత్రం ఒకటే. ఇప్పటి 142 కోట్ల మంది 2011 నాటి కుటుంబ పరిమాణంతోనే ఉంటే దేశంలో సుమారు 29 కోట్ల ఇళ్లు ఉండేవి. 4.4 చొప్పున చూస్తే 32 కోట్లు దాటుతాయి. ఒక్క మనిషి కూడా పెరగకుండానే మూడు కోట్లకు పైగా కొత్త కాపురాలు! ప్రతి కాపురానికీ ఒక ఫ్రిజ్, ఒక టీవీ, ఒక నీళ్ల మోటారు, ఒక వైఫై పెట్టె.

ఫ్రిజ్ సంగతే తీసుకుంటే, ఇంట్లో ఇద్దరున్నా ఆరుగురున్నా అది లాగే కరెంటులో పెద్ద తేడా ఉండదు. ఆరుగురి ఉమ్మడి కుటుంబం మూడు ముక్కలైతే ఆ ఖర్చు మూడింతలకు చేరువవుతుంది. కోస్తా జిల్లాల్లో, ఉత్తర తెలంగాణలో ఇది కళ్లెదుట జరిగిన కథే. కొడుకు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లో, కూతురు బెంగళూరులోనో డాలస్‌లోనో, తల్లిదండ్రులు ఊళ్లో. నలుగురు మనుషులకు మూడు వంటగదులు. ఊళ్లోని పెద్దవాళ్ల ఇంటికి పిల్లలు పంపిన డబ్బుతో ఇన్వర్టర్, గీజర్, చివరకు ఏసీ వచ్చాయి.

ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడమూ ఇందులో భాగమే. ఇంటి చాకిరీని గంటల తరబడి ఒళ్లు హూనం చేసుకుని చేసిన రోజుల్లో ఆ శ్రమ ఏ మీటరులోనూ నమోదు కాలేదు. ఇప్పుడు మిక్సీ, వాషింగ్ మెషిన్, ఇండక్షన్ పొయ్యి దాన్ని యూనిట్లలోకి మార్చాయి. దీన్ని విలాసమని ఎవరైనా అంటే, వాళ్లింట్లో బట్టలు ఎవరు ఉతుకుతారో అడగాలి.

కేరళ ముందే చూపించింది

జనాభాకూ విద్యుత్తుకూ లంకె తెగిపోతే ఏమవుతుందో కేరళను చూస్తే అర్థమవుతుంది. 2001-2011 మధ్య ఆ రాష్ట్ర జనాభా పెరిగింది 5 శాతం లోపే. దేశంలోని పెద్ద రాష్ట్రాలన్నిటిలోకీ అదే తక్కువ. అరవై ఏళ్లు దాటినవాళ్లు 2021 అంచనాల ప్రకారం అక్కడ 16.5 శాతం. దేశ సగటు 10.1. భారీ పరిశ్రమలు అంతంతమాత్రం. రాష్ట్రంలో వాడే విద్యుత్తులో దాదాపు సగం ఇళ్లదే. పాత లెక్కల ప్రకారం ఇలాంటి చోట డిమాండు నిలకడగా ఉండాలి.

కానీ 2024 ఏప్రిల్, మే నెలల్లో కేరళ గరిష్ఠ డిమాండు 5,800 మెగావాట్లకు చేరువైంది. అంతకంటే ముఖ్యమైనది అది వచ్చిన వేళ. దీపాలు పెట్టే సాయంత్రం ఏడు గంటల నుంచి పీక్ జరిగి జరిగి రాత్రి పది దాటాక స్థిరపడింది. అంటే జనం పడకగదిలోకి వెళ్లి తలుపు మూసి ఏసీ వేసే వేళ. ఫీడర్లు ట్రిప్ అయ్యాయి, వందల ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతిన్నాయి, అర్ధరాత్రి విద్యుత్ బోర్డు కార్యాలయాల ముందు జనం గుమిగూడారు. రాత్రి పది నుంచి రెండు దాకా పని వేళలు సర్దుకోవాలని బోర్డు పెద్ద పరిశ్రమలను కోరింది. ఇళ్లలో ఏసీలు 26 డిగ్రీలకు తగ్గించొద్దని విజ్ఞప్తి చేసింది. ఒకప్పుడు పరిశ్రమల కోసం ఇళ్లకు కరెంటు కోసేవారు. ఇక్కడ ఇళ్లు నిద్రపోవడానికి పరిశ్రమలను ఆగమన్నారు.

కేరళలో ఏసీ కొన్న ఇళ్లలో ఎన్నో వృద్ధులవి. పిల్లలు గల్ఫ్‌లోనో, ఐరోపాలోనో. వయసు మళ్లిన శరీరం వేడిని తట్టుకోలేదు. చెమట పట్టడం తగ్గుతుంది, దాహం తెలియదు, గుండె జబ్బుకూ బీపీకీ వాడే మందులు కొన్ని ఆ ఇబ్బందిని పెంచుతాయి. ఉక్కపోసే తీరప్రాంతంలో ఫ్యాన్ వేడి గాలినే తిప్పుతుంది. డెబ్బై ఏళ్ల మనిషికి మే నెల రాత్రి ఏసీ విలాసమా, వైద్యమా అన్నది తేలిగ్గా తేలే చర్చ కాదు. తమిళనాడులో 13.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం జనం 2021 నాటికే అరవై దాటినవారని అంచనా. కేరళ వీధిలో జరిగింది విజయవాడ, నెల్లూరు, చెన్నై వీధుల్లోనూ జరగడానికి కావాల్సినవన్నీ సిద్ధంగా ఉన్నాయి: తీరపు ఉక్కపోత, వృద్ధాప్యం, విదేశీ సొమ్ము.

డాబా ఇంటి వేడి

భారతీయులు పడుకునే చోటు మారిన సంగతిని ఇంధన నిపుణులు పెద్దగా పట్టించుకోలేదు. రెండు తరాల కిందట వేసవి రాత్రి ఇంట్లో పడుకున్నవాళ్లు తక్కువ. వాకిట్లో నులక మంచాలు, అరుగు మీద చాప, మిద్దె మీద పక్కలు. ఆ నిద్రకు కరెంటుతో పని లేదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లో వాకిలి లేదు. బస్తీలో గుమ్మం దాటితే డ్రైనేజీ. ఆడపిల్లలున్న ఇంట్లో ఆరుబయట పడక ఎవరూ ఒప్పుకోరు. దోమల సంగతి సరేసరి. కొత్త దంపతులకు సొంత గది కావాలన్న కోరిక కూడా ఒక సామాజిక మార్పే, అదీ మంచిదే. కానీ మూసిన గది ఒకటి పెరిగిన ప్రతిచోటా దాన్ని చల్లబరిచే యంత్రానికి చోటు పుడుతుంది.

దీనికి తోడు ఇంటి పైకప్పు మారింది. తాటాకు ఇల్లు, పెంకుటిల్లు, మట్టి మిద్దె పోయి స్లాబు వచ్చింది. పేదరికం నుంచి బయటపడ్డామన్న దానికి డాబా ఇల్లు గుర్తు. సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో పని చేసి బిహారీ కుర్రాడు ఇంటికి పంపే డబ్బు మొదట పోసేది స్లాబే. గాలివానకు ఎగరదు, నిప్పు అంటుకోదు. అయితే పగలంతా ఎండను తాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయే దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. అర్ధరాత్రి బయట కాస్త చల్లబడ్డా లోపల పొయ్యి మీద ఉన్నట్టే. రేకుల ఇల్లు దీనికి భిన్నం. పగలు నరకం, రాత్రికి త్వరగా చల్లారుతుంది. దేశం తన గృహనిర్మాణ విజయాన్ని సరిగ్గా రాత్రి వేడిని పెంచే పదార్థంతో కట్టుకుంది.

రాత్రులు కూడా మునుపటిలా లేవు. 2024 జూన్ 19న ఢిల్లీలో కనిష్ఠ ఉష్ణోగ్రతే 35 డిగ్రీలు దాటింది. అదే రోజు నగర విద్యుత్ డిమాండు 8,656 మెగావాట్లకు చేరి రికార్డయింది.

బల్బు ఆదా చేసింది, ఏసీ తినేసింది

రాత్రి డిమాండును తగ్గించడం మన దేశానికి చేతకాని పనేం కాదు. ఒకసారి చేసి చూపింది. సాయంత్రం పీక్ అంటే ఒకప్పుడు దీపాలే. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. ప్రభుత్వం టోకుగా కొనడంతో వందల రూపాయల బల్బు ధర పడిపోయింది, బజారు మొత్తం మారింది. అరవై వాట్ల బల్బు చేసే పని తొమ్మిది వాట్లతో అయిపోయింది.

ఇప్పుడు ఆ ఆదాను ఏసీ ఎలా మింగుతుందో చూడాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. టన్నున్నర ఏసీ పూర్తి వేగంతో నడిస్తే కిలోవాటున్నర. అంటే ఇరవై ఫ్యాన్లతో సమానం. 2024లో దేశంలో సుమారు 1.4 కోట్ల ఏసీలు అమ్ముడయ్యాయని అంచనా. కొన్ని పాతవాటి స్థానంలో వచ్చినవే, కొన్ని ఆఫీసులవి. వాటిలో సగం మాత్రమే ఒక వేసవి రాత్రి ఒకేసారి నడిచి, ఒక్కొక్కటీ సగటున కిలోవాటు లాగినా 7,000 మెగావాట్లు. ఆంధ్రప్రదేశ్ గరిష్ఠ డిమాండులో సుమారు సగం అది. ఒక్క ఏడాది అమ్మకాల లెక్క ఇంత.

ఇంకా పది ఇళ్లలో ఒకదానికే ఏసీ ఉంది. 2050 నాటికి భారత్‌లో ఏసీల సంఖ్య 100 కోట్లు దాటుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లోనే అంచనా వేసింది. ఆ సంఖ్య అటూ ఇటూ అయినా, కొనబోయేవాళ్లలో అత్యధికులు తొలిసారి కొనేవాళ్లే.

ఆ కొనుగోలుదారులు ఎక్కడున్నారు? ఇక్కడే దేశ జనాభా చిత్రం ముఖ్యమవుతుంది. దక్షిణాదిన ముసలితనం డిమాండును పెంచుతుంటే, ఉత్తరాదిన యౌవనం పెంచబోతోంది. బిహార్‌లో సంతానోత్పత్తి రేటు 3.0, ఉత్తరప్రదేశ్‌లో 2.4. రెండూ తగ్గుతున్నవే, కానీ పుట్టినవాళ్లు పెద్దవాళ్లవుతారు. 2011లో ఉత్తరప్రదేశ్ సగటు కుటుంబంలో ఆరుగురు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కుటుంబంలో నలుగురు. అక్కడి కుటుంబం కూడా మన కుటుంబంలా చిన్నదయ్యే ప్రయాణంలో ఇంకా సగం దారిలో ఉంది. వచ్చే పదిహేనేళ్లలో లక్నో, గోరఖ్‌పూర్, పాట్నా, ముజఫర్‌పూర్‌లలో విడిపోబోయే కాపురాల సంఖ్యను ఊహించవచ్చు. ఉత్తరప్రదేశ్ 2024 జూన్‌లోనే 30,000 మెగావాట్లు దాటింది. బిహార్ తలసరి వినియోగం ఇప్పటికీ దేశంలో అట్టడుగునే ఉంది. జాతీయ సగటు 2023-24లో 1,395 యూనిట్లు. ఆ సగటును బిహార్ అందుకోవడమంటేనే పన్నెండు కోట్లకు పైగా జనమున్న రాష్ట్రం ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు వాడటం. 2025 ఆగస్టు నుంచి అక్కడ ఇళ్లకు నెలకు 125 యూనిట్లు ఉచితం.

ఆ జనం ఎక్కువ వాడకూడదని అనే హక్కు ఎవరికీ లేదు. 2012 జులై చివర్లో రెండు రోజులు ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలి అరవై కోట్ల మందికి పైగా చీకట్లో చిక్కుకున్నారని ప్రపంచం నివ్వెరపోయింది. ఆ ప్రాంతాల పల్లెల్లో చాలా ఇళ్లకు అప్పటికి అసలు కనెక్షనే లేదు. 2017లో మొదలైన సౌభాగ్య పథకం 2.8 కోట్ల ఇళ్లకు మీటరు పెట్టాకే వాళ్లు లెక్కలోకి వచ్చారు. బల్బు, ఫోను చార్జరు, ఫ్యాను దాటి వాళ్లిప్పుడు కూలరు దగ్గరికి వచ్చారు. ఆ తర్వాతి మెట్టు ఏసీ.

రాత్రి బిల్లు ఎవరి నెత్తిన?

దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. అదే ఏడాది జూన్‌కు మొత్తం స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. ఈ విజయాల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే సూర్యుడు సాయంత్రం ఆరింటికి దిగిపోతాడు, ఏసీ పదింటికి మొదలవుతుంది. నడుమ ఖాళీని ఇప్పటికీ బొగ్గే పూడుస్తోంది. 2031-32 నాటికి కనీసం 80 గిగావాట్ల కొత్త థర్మల్ సామర్థ్యం కావాలని కేంద్రం అంటున్నది ప్రధానంగా ఈ సూర్యుడు లేని గంటల కోసమే. పగలు అదే థర్మల్ యూనిట్లను పూర్తిగా ఆపలేరు, ఒక స్థాయికి మించి తగ్గించలేరు. దాంతో ఎండ బాగా కాసే రోజుల్లో రాజస్థాన్‌లో సౌర విద్యుత్తును వదులుకోవాల్సి వస్తోంది. మధ్యాహ్నం పారబోసి, రాత్రి పది రూపాయలకు కొనుక్కునే పరిస్థితి.

ఆ పది రూపాయలు ఎవరు కడుతున్నారు? డిస్కం రాత్రి ఖరీదైన కరెంటు కొంటే ఆ అదనపు ఖర్చు ఇంధన సర్దుబాటు పేరుతో, ట్రూఅప్ పేరుతో యూనిట్‌కు ఇంత అని వినియోగదారుల మీద పడుతుంది. 2024 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ చార్జీలు పెద్ద రాజకీయ వివాదమే అయ్యాయి. ఏ ప్రభుత్వ హయాంలోని బకాయి అన్నదాని మీదే వాదన అంతా నడిచింది. ఏ గంటలో, ఎవరి కోసం కొన్న కరెంటు అన్న ప్రశ్న పక్కకుపోయింది. నాలుగు ఏసీల విల్లాకూ రెండు ఫ్యాన్ల ఇంటికీ యూనిట్ మీద సర్దుబాటు ఒకటే. పైగా ఏసీ బయటి యూనిట్ వదిలే వేడిగాలి వెళ్లేది వీధిలోకి. ఆ వీధిలోనే రెండు ఫ్యాన్ల ఇల్లూ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఓవర్‌లోడై రాత్రి రెండింటికి ఫ్యూజు పోతే ఇన్వర్టర్ లేనివాళ్లే విసనకర్రలతో తెల్లవార్లూ కూర్చుంటారు.

డబ్బున్నవాళ్లు గ్రిడ్‌ను వదిలేస్తే ఏమవుతుందో పక్కనున్న పాకిస్తాన్ చూపిస్తోంది. అక్కడ గ్రిడ్ కరెంటు ధర భరించలేక 2024 ఒక్క ఏడాదిలోనే సుమారు 17 గిగావాట్ల సౌర ఫలకాలు చైనా నుంచి దిగుమతి చేసుకున్నారు. మేడ ఉన్నవాడు ఫలకం పెట్టుకున్నాడు. విద్యుత్ కేంద్రాలకు కట్టాల్సిన స్థిర చార్జీలు మాత్రం తగ్గలేదు. అవి అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల మీద, మేడ లేనివాళ్ల మీద మిగిలాయి. భారత్‌లో కోటి ఇళ్ల లక్ష్యంతో 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ మంచి పథకమే. కానీ దానికి సొంత డాబా ఉండాలి. బ్యాటరీ లేని ఫలకం రాత్రి ఏసీని నడపదు. పగలు గ్రిడ్‌కు యూనిట్లు ఇచ్చి రాత్రి తీసుకునే ఇల్లు బిల్లులో సున్నా కనబడుతుంది, గ్రిడ్ మీద రాత్రి భారంగా మాత్రం అలాగే ఉంటుంది.

వేళను బట్టి ధర అన్నది కేంద్రం ఎంచుకున్న మార్గం. 2023 నిబంధనల ప్రకారం వ్యవసాయం మినహా వినియోగదారులందరికీ 2025 ఏప్రిల్ నుంచి ఇది దశలవారీగా అమలు కావాలి. సౌర గంటల్లో ధర 10 నుంచి 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో ఎక్కువ. స్మార్ట్ మీటరు ఉంటేనే ఇది సాధ్యం. సిద్ధాంతం బాగానే ఉంది. వాషింగ్ మెషిన్‌ను, నీళ్ల మోటారును, ఎలక్ట్రిక్ స్కూటరు చార్జింగును మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు. అదీ పగలు ఇంట్లో ఎవరైనా ఉంటేనే. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇంట్లో అన్ని పనులూ సాయంత్రమే పడతాయి. నిద్రను ఎవరూ మధ్యాహ్నానికి వాయిదా వేయలేరు. విల్లాకు పీక్ ధర వేయడం సబబే. నెలకు వంద యూనిట్ల ఇంటికి ఫ్యాను గాలి మీద పీక్ ధర వేస్తే అది నిద్రకు వేసిన పన్ను అవుతుంది. ఈ తేడాను నియంత్రణ మండళ్లు శ్లాబుల్లోనే స్పష్టంగా రాయాలి.

మధ్యాహ్నపు కరెంటును రాత్రికి దాచడం మరో దారి. తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున నీటిని తిరిగి పైకి తోడే టర్బైన్లు ఎప్పుడో పెట్టారు. కానీ కృష్ణా నీటిపై రెండు రాష్ట్రాల తగాదాలో 2021లో ప్రాజెక్టుల దగ్గర పోలీసులను మోహరించేదాకా వెళ్లింది. నదితో పేచీ లేకుండా రెండు జలాశయాల మధ్య అవే నీళ్లను తిప్పే పథకాలు నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి చోట్ల వస్తున్నాయి. బ్యాటరీల ధరలూ దిగుతున్నాయి. ఈ నిల్వ మీద ఇళ్ల నిద్రకు పోటీగా మరో వాటాదారు వస్తున్నాడన్నది మరచిపోకూడదు. విశాఖలో గూగుల్ ప్రకటించిన గిగావాట్ స్థాయి డేటా సెంటర్ లాంటివి పగలూ రాత్రీ తేడా లేకుండా ఒకే తీరుగా కరెంటు లాగుతాయి.

నిల్వ కన్నా చవకైనది అసలు అవసరాన్నే తగ్గించడం. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. తెల్లని పూత, పలకలు వేసి స్లాబు ఎండను తాగకుండా చూడటమే అందులోని కిటుకు. రాత్రి వేడికి మూలం స్లాబే కాబట్టి మందు పడాల్సింది అక్కడే. కానీ దేశవ్యాప్తంగా ప్రభుత్వ డబ్బుతో కట్టే కోట్లాది పేదల ఇళ్లకు ఇలాంటి పూత అంచనా వ్యయంలో తప్పనిసరి పద్దుగా ఉండాలన్న ఆలోచన ఇంకా ఢిల్లీ దాకా చేరలేదు.

ప్రణాళికల్లో జనాభా లెక్క ఎంత పాతదో కూడా చెప్పుకోవాలి. 2017 నాటి 19వ విద్యుత్ సర్వే 2021-22లో గరిష్ఠ డిమాండు 226 గిగావాట్లు ఉంటుందంది. వచ్చింది 203. తర్వాతి సర్వే 2026-27కు 277, 2031-32కు 366 గిగావాట్లంటోంది. కొవిడ్ వల్ల కొంత తప్పింది, నిజమే. అయితే కుటుంబాల సంఖ్య, ఇంటి తీరు, వలస గురించి చేతిలో ఉన్న చివరి పూర్తి లెక్క 2011దే. ఆ జనగణన ఇంటింటికీ వెళ్లి రేడియో ఉందా, టీవీ ఉందా, సైకిల్ ఉందా అని అడిగింది. ఫ్రిజ్ గురించి, ఏసీ గురించి అడగలేదు. తర్వాతి జనగణన గడువు తేదీ 2027 మార్చి 1. ఈ పదహారేళ్లలో విడిపోయిన కాపురాలు, వెలిసిన అపార్ట్‌మెంట్లు, ఖాళీ అయిన ఊళ్లు అప్పటిదాకా అంచనాలే.

ఇక ఏసీ. 2020 నుంచి స్టార్ గుర్తున్న ప్రతి గది ఏసీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవుతోంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 20 డిగ్రీల కిందికి దిగకుండా చేస్తామని కేంద్ర మంత్రి 2025 జూన్‌లో ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తొలిసారి కొనేవాళ్లకు అది పెద్ద ఊరటే. అయితే ఒక్క స్టార్ ఏసీకీ అయిదు స్టార్ల ఏసీకీ పన్ను ఒకటే పెట్టారు. ఒకసారి గోడకెక్కిన ఏసీ పదేళ్లు దిగదు. ఉజాలా బల్బుల్లాగే ప్రభుత్వం టోకుగా బేరమాడి అయిదు స్టార్ల ఏసీని, 30 వాట్ల ఫ్యానును చవక చేయగలదు. లేదా గోరఖ్‌పూర్‌లో, గుంటూరులో తొలి ఏసీ కొంటున్న కుటుంబం ధర చూసి చవకదాన్నే తీసుకుంటుంది. దానికి రాత్రి కావాల్సిన బొగ్గు కోసం రైళ్లు పదేళ్లపాటు నడుస్తాయి.